గుండె ఒకరిది, నాడి ఇంకొకరిది

అనకాపల్లిలో కాలేజీ బస్సు నడిపే పైడిరాజుకు ఎవరు ఏం చెప్పినా పూర్తిగా వినకుండానే "తెలుసు, తెలుసు" అనే అలవాటు ఉండేది. బస్సు మాత్రం బాగా నడిపేవాడు. అందుకని అందరూ సర్దుకుపోయేవారు, భార్య నూకరత్నం తప్ప.

ఒక సాయంత్రం బస్సు నిండా పిల్లలు ఉండగా పైడిరాజుకు కళ్ళు తిరిగాయి. ఎలాగో బస్సును కాలవ పక్కన రోడ్డు అంచుకు తీసి ఆపి, స్టీరింగు మీద తల వాల్చేశాడు. కాలేజీవాళ్ళు మర్నాడే వేరే డ్రైవర్ని పెట్టారు. "డాక్టరు కాగితం తెస్తేనే మళ్ళీ తాళాలు ఇస్తాం" అన్నారు.

అతనికి బీపీ మాత్రలు రాసిన డాక్టరు విశాలాక్షి పరీక్ష చేసింది. "ఇక్కడ బీపీ బాగానే ఉంది. ఇంటి దగ్గర రోజంతా ఎలా ఉంటుందో చూడాలి" అని టెక్నీషియన్ రెహానా దగ్గరికి పంపింది.

రెహానా అతని ఛాతీకి చిన్న పట్టీ అంటించింది. చూపుడు వేలికి ఒక క్లిప్పు తొడిగింది.

"గుండె కొట్టుకోగానే పట్టీకి తెలుస్తుంది. ఆ కొట్టుకోవడం నాడిగా వేలి దాకా వచ్చినప్పుడు క్లిప్పుకు తెలుస్తుంది. మధ్యలో ఎంత సమయం పట్టిందో చూసి, బీపీ ఎప్పుడు పడిపోతోందో అంచనా వేస్తాం. అందుకని మూడు రోజులూ ఈ రెండూ..."

"తెలుసమ్మా, తెలుసు. మా బస్సులో ఇంతకంటే పెద్ద మీటర్లున్నాయి" అంటూ చొక్కా గుండీలు పెట్టుకుని లేచాడు పైడిరాజు.

"పూర్తిగా వినండి!" అని రెహానా గుమ్మం దాకా వెళ్ళి అరిచింది. అప్పటికే అతను ఆటో ఎక్కేశాడు.

నాలుగో రోజు నూకరత్నాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కంప్యూటర్లో అంకెలు చూసి రెహానా నుదురు పట్టుకుంది.

"పైడిరాజు గారూ, తెల్లవారుజామున అయిదింటికి మీ గుండె నిమిషానికి అరవై సార్లు కొట్టుకుంది. అదే నిమిషంలో వేలి దగ్గర నాడి వంద సార్లు కొట్టుకుంది. ఎలా కుదురుతుందండీ?"

"మీ మిషను పాడైపోయుంటుంది."

నూకరత్నం ఇక ఆగలేకపోయింది. "మిషను కాదమ్మా, పాడైంది ఈయన బుర్ర! పేకముక్కలు పట్టుకోవడానికి అడ్డొస్తోందని ఆ క్లిప్పు మొదటి రోజే తీసి నా వేలికి తగిలించాడు. దాంతోనే వాకిలి ఊడ్చాను, నీళ్ళు మోశాను. వద్దంటే వింటేనా?"

"ఒకే ఇంట్లోవాళ్ళం కదా, ఎవరి వేలైతే ఏం?" అన్నాడు పైడిరాజు.

రెహానా చేతిలో పెన్ను బల్ల మీద పడేసింది. "గుండె మీది, నాడి ఆవిడది! ఇందులో నేనేం చూడను? ఈ మూడు రోజులూ వృథా. మళ్ళీ మొదలుపెట్టాలి. అన్నాళ్ళూ మీ బస్సు ఇంకొకరే నడుపుతారు."

బస్సు మాట వచ్చేసరికి పైడిరాజు తల దించుకున్నాడు. ఈసారి కూర్చుని విన్నాడు. అతను నోరు తెరవబోయినప్పుడల్లా నూకరత్నం మోచేత్తో పొడిచింది.

ఈసారి అంకెలు చక్కగా వచ్చాయి. మూడు రోజులూ సాయంత్రం అయిదు దాటాక నాడి వేలిని చేరడానికి ఎక్కువ సమయం పట్టింది. ఆ వేళకు బీపీ బాగా పడిపోతోందన్నమాట.

"రోజూ అయిదుకు ముందు ఏం చేస్తారు?" అని అడిగింది విశాలాక్షి.

"నాలుగింటికి బీపీ మాత్ర వేసుకుంటానండి."

"నేను పొద్దున ఒక్కటే కదా రాసింది!"

"సాయంత్రం కూడా అని మీరే అన్నారు కదండీ."

"సాయంత్రం కూడా బీపీ ఎక్కువుంటే అప్పుడు చూద్దాం అన్నాను. మీరు సగంలోనే తెలుసంటూ లేచిపోయారు!" డాక్టరు గొంతు పెరిగింది. "సరిగ్గా పిల్లల్ని ఎక్కించుకునే ముందు మీ బీపీని మీరే పడగొట్టుకుంటున్నారు. తెలుస్తోందా?"

పైడిరాజుకు ఆ సాయంత్రం వెనక సీట్లలో పాటలు పాడుతూ కూర్చున్న పిల్లలు గుర్తొచ్చారు. బ్రేకు మీద కాలు వేయడం ఇంకొక్క క్షణం ఆలస్యమై ఉంటే బస్సు కాలవలో ఉండేది. "తప్పయిపోయిందండీ" అన్నాడు.

రెండో మాత్ర మానేశాక కళ్ళు తిరగడం పోయింది. రెండు వారాలకు డాక్టరు కాగితం ఇచ్చింది, బస్సు తాళాలూ తిరిగొచ్చాయి.

నీతి: ఎదుటివారు చెప్పేది చివరిదాకా వినాలి. సగం విని అంతా తెలుసనుకునేవాడు తనకే కాదు, తనను నమ్ముకున్నవారికీ ముప్పు తెస్తాడు.