ఎండమావి మాటలు ఎవరు చదవాలి?

అనగనగా ఏలూరులో, కాలవ వంతెన పక్కన, మేడ మీద ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఆరుగురు. ఆరుగురికీ ఒకటే పిచ్చి. ఏం పిచ్చంటావా? బొమ్మల పుస్తకం పిచ్చి!

ఉరుము, మెరుపు, సుడిగాలి, వడగళ్ళు, చినుకు. ఈ ఐదుగురు వీరులదీ ఒక దండు. పేరు పంచపిడుగులు. తాతయ్య నిక్కర్లేసుకునే రోజుల నుంచీ నెలకో పుస్తకం వస్తూనే ఉంది.

పుస్తకం రాగానే అందరూ చాప మీద చేరతారు. ఎవరి వీరుడి మాటలు వాళ్ళే పైకి చదవాలి. తాతయ్య ఉరుము. ఆయన గురకకి తగిన పేరేలే! నాన్న మెరుపు, బాబాయి సుడిగాలి. అమ్మేమో కాపురానికొచ్చిన వారంలోనే వడగళ్ళని పట్టేసింది. మిగిలిన చినుకుని అన్న సుధన్వ లాక్కున్నాడు.

ఆరో మనిషి మన అలివేలు. ఏడేళ్ళ పిల్ల. కూడబలుక్కోకుండా చదవడం అప్పుడే వచ్చింది. వచ్చింది గానీ, చదవడానికి వీరుడేడీ?

అప్పుడు తాతయ్య దగ్గరికెళ్ళింది. "తాతయ్యా, నీ ఉరుము నాకిచ్చెయ్యవా?"

"అమ్మో! జుట్టు పోయింది, పళ్ళు పోయాయి. ఇక మిగిలింది అదొక్కటే తల్లీ!"

ఆ తర్వాత అమ్మనడిగింది. "నా గాజులేసుకో, నా చీర కట్టుకో. వడగళ్ళ జోలికి మాత్రం రాకు!"

ఆ తర్వాత అన్ననడిగింది. "ఇస్తాలేవే, నా పెళ్ళయ్యాక!" అన్నాడు. వాడికప్పటికి పదకొండేళ్ళు.

అలివేలు మొహం మాడిన పెసరట్టయింది.

అప్పుడు కొత్త పుస్తకం వచ్చింది. ఐదుగురూ చాప మీద కూర్చున్నారు. అలివేలు గోడ వైపు తిరిగి కూర్చుంది. చెవులు మాత్రం చాప మీదే!

చదువుతూ చదువుతూ ఉండగా ఎండమావి వచ్చింది. ఎండమావంటే మబ్బుల్ని మింగేసే రాకాసి. "ఆఁ, దీని సోదెందుకులే" అని తాతయ్య ఎప్పట్లాగే పేజీ తిప్పేశాడు.

"ఆగండి!" అంది అలివేలు. "దాని మాటలెవరు చదువుతారు?"

ఎవరూ చదవరు! విన్నావా బంగారం, తాతయ్య చిన్నప్పటి నుంచీ ఆ వీరులు ఎందుకు పోట్లాడుతున్నారో ఆ ఇంట్లో ఒక్కరికీ సరిగ్గా తెలీదు. ఊరికే గాల్లోకి గుద్దులు!

అప్పుడు అలివేలు దుప్పటి భుజాన వేసుకుంది. పుస్తకం లాక్కుంది. "హిహ్హిహ్హీ! ఒక్క మబ్బునీ రానివ్వను! చెరువులు తాగేస్తా! మీ ఇంట్లో కుండలు తాగేస్తా! ఎవర్రా నాకడ్డం?"

నాన్న మంచినీళ్ళ చెంబు దగ్గరికి లాక్కున్నాడు. సుధన్వ అమ్మ వెనక్కి దూరాడు. తాతయ్యకి చెమట్లు పట్టాయి.

ఆ తర్వాత ఆయన గొంతు సవరించుకుని, "నేనే! ఉరుముని!" అని అరిచాడు చూడూ, పక్కింటి పిల్లి గోడ దూకి పారిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన అంత బాగా ఎప్పుడూ ఉరమలేదు.

ఐదుగురూ ఒక్కటై మీద పడ్డారు. ఎండమావి చిత్తుగా ఓడిపోయింది. జోరున వాన కురిసింది, పుస్తకంలోనేలే!

ఓడిపోయిన అలివేలు చాప మధ్యలో వెల్లకిలా పడి కిలకిలా నవ్వింది.

తాతయ్య ఒగరుస్తూ, "వచ్చే నెల ఇంకాస్త గట్టిగా భయపెట్టవే రాకాసీ!" అన్నాడు.

"అలాగే తాతయ్యా. నువ్వు మాత్రం కాస్త అల్లం నమిలి రా!"

కథేమో కంచి బస్సెక్కింది,
కునుకేమో కంటి రెప్పెక్కింది,
మనమేమో ఇంట్లోనే ఉన్నాం,
దుప్పటి లాగెయ్, బజ్జుందాం!