భద్రమ్మకు పదకొండు మార్కులు

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజుగారు ఉండేవారు. తనను మించిన తెలివైనవాడు పుట్టలేదనీ, ఇక పుట్టబోడనీ ఆయనకు గట్టి నమ్మకం.

ఒకసారి ఆయనకు తర్కం మీద మనసు పోయింది. రాత్రనక పగలనక కూర్చుని ఇరవై ప్రశ్నలు తయారుచేశారు. ప్రతిదానికీ 'అవును' అనో 'కాదు' అనో జవాబివ్వాలి. మచ్చుకు రెండు వినండి. పక్షులకు రెక్కలుంటాయి, ఈగకూ రెక్కలున్నాయి, కాబట్టి ఈగ పక్షే. అవునా, కాదా? వాన పడితే వాకిలి తడుస్తుంది, ఇవాళ వాకిలి తడిసింది, కాబట్టి వాన పడింది. అవునా, కాదా? రాజుగారి లెక్కలో రెండింటికీ 'అవును' అన్నదే జవాబు. మిగతావీ ఈ బాపతే.

ముందు సభలో తానే చదివి మంత్రులను అడిగారు. అందరికీ ఇరవైకి ఇరవై వచ్చాయి. తర్వాత ఆ ప్రశ్నలనే తాటాకుల మీద రాయించి, కోటపక్క బడిలో ముప్పైమంది పిల్లలకు పంపారు. అక్కడ ఒక్కరికీ మూడు దాటలేదు.

"మూడా! ఇంత అన్నం పెట్టి, గురువును పోషిస్తే మూడా? రేపే బడి మూసేయండి" అన్నారు రాజుగారు.

కొలువులో గుండయ్య అనే ఉద్యోగి ఉన్నాడు. అంగళ్ళలో మానికలు, తూకపురాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం అతని పని. తల్లీతండ్రీ లేని గుండయ్య ఆ బడిలోనే అన్నం తిని చదువుకున్నాడు.  బడి మూసేస్తారన్న మాట విన్నా మొహం మీద నవ్వు చెదరనివ్వలేదు.

"మహాప్రభూ, కొత్త మానిక వస్తే ముందు దాన్ని పరీక్షించడం నాకు అలవాటు. ఈ ప్రశ్నలూ కొత్త మానికే కదా, మన పట్టపుటేనుగు భద్రమ్మకు కూడా ఈ పరీక్ష పెట్టిద్దాం" అన్నాడు.

రాజుగారికి సరదా పుట్టింది. మర్నాడు గజశాల ముందు రెండు బుట్టల్లో బెల్లం పెట్టారు. ఎడమ బుట్ట అవును, కుడి బుట్ట కాదు. మావటి గొంతు సవరించుకుని ఒక్కో ప్రశ్నా చదవడం, భద్రమ్మ చెవులు విసురుకుంటూ ఏదో ఒక బుట్టలో తొండం పెట్టడం. ఈగ పక్షేనంది. ఇరవై ప్రశ్నలూ, బెల్లమూ అయ్యేసరికి దానికి పదకొండు మార్కులు వచ్చాయి.

రాజుగారు తొడ చరిచారు. "చూశావా గుండయ్యా! ఏనుగుకు పదకొండు, నీ బడిపిల్లలకు మూడు."

"అదే నేనూ చూస్తున్నాను ప్రభూ. ఏమీ తెలియకపోతే సగం మార్కులు వాటంతటవే వస్తాయి. మూడే రావాలంటే చాలా తెలిసుండాలి."

 రాజుగారి మీసాలు లేచాయి. "అంటే నా జవాబులు తప్పంటావా? రుజువు చెయ్యి. లేకపోతే ఆ పిల్లలతోపాటే నువ్వూ మూట సర్దుకో."

"చిత్తం. సభలోకి దయచేయండి."

రాజుగారు విసవిసా నడిచి సభామందిరం వాకిట్లో కాలు పెట్టారు. జర్రున జారారు. మంత్రులిద్దరు పట్టుకోబట్టి సరిపోయింది.

"ఎవడురా ఇక్కడ తడిపింది?"

"వాన పడింది ప్రభూ" అన్నాడు గుండయ్య.

"ఎండ నెత్తి మాడుస్తుంటే వానేమిటయ్యా? ఎవరో కళ్ళాపి చల్లారు."

"సరిగ్గా అలాగే అనుకుని 'కాదు' అన్నారు పిల్లలు. అందుకే తమరు ఆ ప్రశ్నకు సున్న వేశారు."

రాజుగారు తడిసిన పట్టుపంచె వంక చూసుకున్నారు. ఎండ వంక చూశారు. ముందు మీసం కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది. ఆ పైన కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

బడికి పెట్టే బియ్యం రెట్టింపు చేశారు. గుండయ్యకు తన భుజం మీది శాలువా తీసి కప్పారు. కప్పాక ఏదో గుర్తొచ్చి ఆగారు.

"మరి మా మంత్రులకు ఇరవై ఎలా వచ్చాయయ్యా?"

"వాళ్ళు ప్రశ్న వినలేదు ప్రభూ. తమరి ముఖం చూశారు."

రాజుగారు శాలువా కొంగు లాక్కుని ముఖం కప్పుకున్నారు. లోపలినుంచి మంత్రులను అడిగారు. "ఇవాళ బుధవారం. అవునా, కాదా?"

నిండు సభలో ఒక్కరూ నోరు మెదపలేదు.