గిజిగాడి సగం గూడు

ఒకప్పుడు గిజిగాడి గూడంటే గుమ్మడికాయంత ఉండేది. గుడ్లకో గది, గింజలకో గది, చుట్టాలకో గది. ఆ చుట్టాలు ఎన్నడూ వచ్చిన పాపాన పోలేదు. అయినా వాళ్ళ గది మాత్రం ఉండాల్సిందే.

గిజిగాళ్ళలో ఓ ఆచారం ఉంది. మగపిట్ట గూడు కడితే, ఆడపిట్ట వచ్చి చూసుకుంటుంది. నచ్చితే కాపురం. నచ్చకపోతే ఆ గూడు ఊరికే గాలికి వేలాడుతుంది.

అలా ఓ రోజు సింహాద్రి అనే మగపిట్ట కట్టిన గూడు చూడ్డానికి నూకాలు అనే ఆడపిట్ట వచ్చింది. లోపలికి దూరి, బయటికొచ్చి, మూతి విరిచింది.

"ఏటి సింహాద్రీ, మూడు గదులేనా? మా అక్క గూటికి నాలుగున్నాయి. నలుగురిలో నాకు నామర్దా కాదేటి?"

పాపం, సింహాద్రి ఆ గూడు వదిలేసి నాలుగు గదులతో ఇంకోటి కట్టాడు. ఈలోగా అక్క మొగుడు ఐదో గది వేశాడు. ఇంకేముంది, అదీ నచ్చలేదు. మూడోసారి ఆరు గదులు కట్టాక నూకాలు సరేనంది.

గూటికి తాటాకు కావాలి కదా! ఆ రోజుల్లో పిట్టలు ఆకును మొదలంటా చీల్చుకుపోయేవి. చెట్టుకి ఉత్త ఈనెలు మిగిలేవి.

"నాకు ఏడాదికి వచ్చేవే పది పన్నెండు ఆకులు. మంచమున్నంతే కాళ్ళు చాపుకోండర్రా!" అని తాటిచెట్టు మొత్తుకుంది. వినేదెవరు? తోపంతా ఇదే వరస.

ఎండలు ముదిరాయి. నూకాలు మూడు గుడ్లు పెట్టింది. చెట్టు మీద గోరంత నీడ లేదు. గూడు పెనంలా కాలిపోయింది. ఒక గుడ్డు మురిగిపోయింది. నూకాలు భోరుమంది.

"తాటమ్మా, నా పిల్లలు చచ్చిపోతారే! కాసింత నీడ ఇయ్యవే!"

"నీడంటే ఆకే కదా తల్లీ. నా ఆకులన్నీ నీ గదుల్లోనే ఉన్నాయి" అంది తాటిచెట్టు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. ఇక్కడ పట్టుకోవడానికి ఆ ఆకులైనా లేవు. చెట్టు నెత్తిన ఒకే ఒక్క మొవ్వు, ఇంకా విచ్చని లేతాకు, మొలుస్తోంది.

"అది చీల్చుకొచ్చి పైన కప్పేస్తాను" అని లేచాడు సింహాద్రి.

"దాన్ని ముట్టుకోకు! అది విచ్చుకుంటేనే మనకి నీడ" అంది నూకాలు.

మొవ్వు విచ్చుకునేదాకా ఇద్దరూ వంతులేసుకుని గూటి మీద రెక్కలు చాపి కూర్చున్నారు. రెక్కలు కమిలిపోయాయి. మిగిలిన రెండు గుడ్లూ పిల్లలయ్యాయి.

వానాకాలం వచ్చింది. సింహాద్రి మళ్ళీ ఆకు పట్టుకోగానే నూకాలు ఆపింది.

"దారమంత చీల్చు, చాలు. గుడ్లకి ఒక్క గదే. అదీ సగం కట్టి ఆగు. నేను చూసి సరేనంటేనే మిగతాది. నచ్చకపోయినా సగం ఆకే పోద్ది."

అక్క కిసుక్కున నవ్వింది. "ఒంటిగది కాపురమేటే నీకు!"

"నా పిల్లలు బతికున్నారక్కా" అంది నూకాలు.

ఆ ఏడు అక్క గూట్లో ఆరు గదులున్నాయి. పిల్ల మాత్రం ఒక్కటీ లేదు. ఆ సాయంత్రమే అక్క మొగుణ్ణి పిలిచి, దారమంత చీల్చడం ఎలాగో చూసి రమ్మంది.

అప్పటినుంచే గిజిగాడు ఆకును దారంలా సన్నగా చీల్చి, ఒక్క గదే నేస్తాడు. సగం అల్లి ఆగిపోతాడు. మీకెక్కడైనా సగం గూడు కనబడితే వాడు బద్ధకస్తుడు అనుకోకండి. ఆడపిట్టని పిలిచి "ఇది సరిపోద్దా?" అని అడుగుతున్నాడు.