నాన్న తూకంలో తరుగు

అనకాపల్లి బెల్లం బజారులో కాటా వేసే నూకరాజు, పైడిరాజు అన్నదమ్ములు. తమ పనితనం మీద వాళ్ళకి మహా నమ్మకం. "సెప్పింది సెప్పినట్టు సేత్తాం. సొంత తెలివి కలపం" అనేవాళ్ళు. ఉంటే కదా కలపడానికి!

వాళ్ళ నాన్న సన్యాసినాయుడికి గుండె బలహీనపడింది. నాలుగడుగులకే ఆయాసం. డాక్టరమ్మ మందులిచ్చి, "ఉప్పు తగ్గించండి. మెట్లు ఎక్కనివ్వకండి. రోజూ పొద్దున్నే బరువు చూడండి. రెండు కిలోలు పెరిగిందా, ఒంట్లో నీరు చేరినట్టే. వెంటనే తీసుకురండి, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు" అంది.

కొడుకులకి నాన్నంటే ప్రాణం. అదే నాయుడి ప్రాణం మీదకొచ్చింది.

ఇంకేముంది! నాన్నని లోపల కూర్చోబెట్టి, గునపాలతో వీధిమెట్లు పగలగొట్టేశారు.

"మరి నేను దిగడమెలాగరా?" అన్నాడు నాయుడు.

"దిగడం గురించి డాక్టరమ్మ ఏటీ సెప్పలేదు నానా."

తర్వాత ఉప్పు జాడీ చూశారు. నిండా ఉంది. "ఇది తగ్గాలంటే గబగబా వాడెయ్యాల్రా" అన్నాడు నూకరాజు. అంతే, పులుసులో గుప్పెడు, పప్పులో గుప్పెడు. పిల్లల ముచ్చట కాదనలేక నాయుడు కళ్ళు మూసుకుని మింగాడు.

మూడోనాటికి కాళ్ళు వాచాయి. కాటా మీద అరవై రెండు కాస్తా అరవై నాలుగయింది. మెట్లు లేవు కదా, బెల్లం బస్తాలా భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. డాక్టరమ్మ చెడామడా తిట్టి, వైద్యం చేసి, వాపు తీసి పంపింది.

ఇంటికి రాగానే కాటా ఎక్కించారు. అరవై ఒకటిన్నర!

"రెండున్నర కిలోలు తరుగు! మన నాన్నకే తరుగు తీసేత్తారా?" నూకరాజుకి ఏడుపొచ్చింది.

"మన కాటా మీద నాన్న తక్కువ తూగితే బజారంతా నవ్వదా?" అని పైడిరాజు రెండున్నర కిలోల బెల్లం తూచి తెచ్చి నాన్న ఒళ్ళో పెట్టాడు. మళ్ళీ తూచారు. సరిగ్గా అరవై నాలుగు. హమ్మయ్య అనుకున్నారు.

అంతలో నూకరాజు మొహం పాలిపోయింది. "ఒరే! అరవై ఒకటిన్నర అరవై నాలుగయింది! రెండు దాటిపోనాదిరా!"

అంతే, నాన్నని మళ్ళీ భుజాన వేసుకుని ఆస్పత్రి దారి పట్టారు.

"ఒరే, ముందు ఈ బెల్లం దించండ్రా!" అని నాయుడు మొత్తుకున్నాడు.

"అదెలా కుదుర్తాది నానా? పెరిగిన బరువు సూపించకపోతే డాక్టరమ్మ నమ్ముతాదేటి?"