మసకబారిన గాగుల్స్

"మార్చగలిగినవన్నీ మార్చాక కూడా ఒక వస్తువు మునుపటిలాగే ఇబ్బంది పెడితే, తప్పు ఎక్కడ వెతకాలర్రా?" ఒళ్లోని చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరుపుతూ మనవలను అడిగారు వర్ధనమ్మగారు.

"వారంటీ కార్డులో," అన్నాడు పెద్దవాడు.

ఆవిడ నవ్వలేదు. ఇలాంటి జవాబులు ముప్పై ఏళ్లు బడిలో విన్న మనిషి. "అయితే వినండి," అని మొదలుపెట్టారు.

హిమాలయాల్లో మంచు మీద స్కీయింగ్ నేర్పే పైడిరాజు మాస్టారని ఒకాయన ఉండేవారు. విజయనగరం వైపు మనిషి. ఎవరేమడిగినా చేతిలో పని ముగిసేదాకా నోరు విప్పరు. ఆయన శిష్యురాలు కుముద. మంచులో చిక్కుకున్నవాళ్లను వెతికి తెచ్చే దళంలో చేరాలని ఆ పిల్ల పట్టుదల. ఎనిమిది జెండాల మధ్యనుంచి ఒక్కటీ పడకుండా దిగాలి, దారిలో మూడుచోట్ల ఆగాలి, అదీ పరీక్ష. రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే ఇక రానివ్వరు. రెండుసార్లూ గాగుల్స్ లోపల ఆవిరి పట్టి జెండా కనబడలేదు.

మొదటిసారి తప్పాక కొత్త అద్దం వేయించింది. రెండోసారి తప్పాక స్పాంజి, పట్టీ మార్చింది. ఈమధ్య గాలి ఆడే చట్రం కూడా తెప్పించింది. రేపు పరీక్ష అనగా, పొద్దుటి సాధనలో మళ్లీ మసకే. కాళ్లీడ్చుకుంటూ మాస్టారి దగ్గరకొచ్చి కూలబడింది.

"ఇంకేం మార్చమంటారు మాస్టారూ? నాకు ఓపిక లేదు."

ఆయన చేతిలో ఉన్న స్కీ పలక అడుగున మైనం రాయడం పూర్తిచేశారు. తరవాత తన పాత గాగుల్స్ తీసి ఆమె చేతిలో పెట్టారు. "ఇవి నువ్వెట్టుకో. నీవి నాకియ్యి. ఓసారి దిగొద్దాం."

దిగారు. ఆగిన ప్రతిచోటా కుముద అలవాటుగా గాగుల్స్ నుదుటి మీదికి తోసుకుంది. చెమట ఆవిరి లోపల పట్టింది. గ్లవుజు వేలితో అద్దం లోపలివైపు తుడిచి, మళ్లీ కళ్లమీదికి దించుకుంది. కిందికొచ్చేసరికి మాస్టారి గాగుల్స్ పాలు పోసినట్టు తెల్లబడ్డాయి.

"మీవి కూడా పాడైనట్టున్నాయి మాస్టారూ."

"అయితే నేనూ కొట్టుకెళ్లాలి కాబోలు," అంటూ ఆయన, దారి పొడుగునా ఒక్కసారీ కళ్లమీంచి తియ్యకుండా పెట్టుకున్న ఆమె గాగుల్స్ తిరిగి ఇచ్చారు. అద్దం కడిగినట్టు ఉంది. కుముద దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"మరి నేనేం మార్చాలి?"

"కొట్లో దొరికేవన్నీ మార్చేశావు గదమ్మా," అని ఆయన అలసటగా గుడిసెలోకి వెళ్లిపోయారు.

మర్నాడు మొదటి మజిలీలో ఆమె చెయ్యి నుదుటి దాకా లేచి, గాలిలో ఆగి, మెల్లగా దిగింది. రెండోచోటా లేచింది. మూడోచోట పిడికిలి బిగించుకుని నిలబడింది. ఎనిమిది జెండాలూ నిలిచే ఉన్నాయి. కింద, వాటిని పీకి తేవడానికి బయల్దేరుతూ మాస్టారు ఒక్కమాటే అడిగారు.

"చెయ్యి బాగా నొప్పెట్టిందా అమ్మా?"

పెద్దవాడు ఏదో అడగబోయాడు. వర్ధనమ్మగారు మోకాళ్లు పట్టుకుని లేచి, సగం ఒలిచిన చిక్కుడుకాయలతో వంటింట్లోకి నడిచారు.