రాగిరేకుల ఇంట్లో రాజుగారి దీవెన

ఎండలకు పెట్టింది పేరైన ఒకానొక రాజ్యాన్ని చండభానుడనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే, డాబు మాత్రం జాస్తి. ఒకనాడు కోట బురుజెక్కి చూసేసరికి కుమ్మరిపేట కంటబడింది. మట్టిగోడలు, పెంకుల కప్పులు, గుమ్మం గుమ్మానికీ ఒక వేపచెట్టు.

"ఛీ, ఇదేం దరిద్రం! రాజధాని అంటే తళతళలాడొద్దూ? నెలలోగా ఆ చెట్లన్నీ కొట్టించండి. రాగిరేకులు మేమిస్తాం, ప్రతి ఇంటికీ కప్పించండి. కాదన్నవాళ్లు ఊరు విడిచిపోవాలి!" అన్నాడు.

పేటంతా గొల్లుమంది. ఆ రేకుల కింద చంటిబిడ్డలు ఎలా బతుకుతారు? కష్టమేనని ఆస్థానంలో అందరికీ తెలుసు. అయినా ఒక్కరు నోరు విప్పితే ఒట్టు!

పేటపెద్ద గురవప్ప మాత్రం కొలువుకొచ్చి వంగి దండం పెట్టాడు. "చిత్తం ప్రభూ! మొదటి రేకులిల్లు నాదే. గృహప్రవేశానికి తమరే దయచేసి దీవించాలి."

రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

గురవప్ప గడుసుతనం చూడండి, ముహూర్తం ఎప్పుడు పెట్టించాడనుకున్నారు? వైశాఖమాసం, మిట్టమధ్యాహ్నం! రాజుగారు పట్టుబట్టలతో, కిరీటంతో వచ్చి పీట మీద కూర్చున్నారు. వ్రతం ముగిసేదాకా లేవడం అశుభమాయె. పైన రేకు పెనంలా కాలుతోంది. కిరీటం కింది నుంచి చెమట ధారలు కట్టింది.

"అయిందా?" అన్నాడు రాజు.

"ఇంకా మూడు అధ్యాయాలున్నాయి ప్రభూ," అన్నాడు పురోహితుడు.

ఎట్టకేలకు వ్రతకథ ముగిసింది. గురవప్ప దంపతులు కాళ్లకు మొక్కారు. రాజు గబగబా అక్షింతలు చల్లి, అలవాటు కొద్దీ "చల్లగా ఉండండి!" అనేశాడు.

గురవప్ప తల ఎత్తలేదు. "ఎలా ఉండమంటారు ప్రభూ? ఈ రేకుల కిందే ఉంటే తమ దీవెన అబద్ధమవుతుంది. చల్లగా ఉందామంటే చెట్టూ పెంకుల కప్పూ కావాలి, అప్పుడు తమ ఆజ్ఞ తప్పినవాళ్లమవుతాం. రెండూ తమ నోటి మాటలే. ఏది కాదనమంటారు?"

రాజు నుదురు తుడుచుకుని, ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"ఓరి గడుగ్గాయీ! నన్ను ఉడకబెట్టి మరీ చెప్పావురా! దీవెనే నిలుస్తుంది, ఆజ్ఞ రద్దు. ఇకమీదట రాజధానిలో ఎవరు ఇల్లు కట్టినా నీ అనుమతి తీసుకోవాలి. మందపాటి గోడ, నీడకు చెట్టు, వాన నీటికి గుంత ఉన్న ఇంటికి పన్ను సగమే. ఇంకేం కావాలో కోరుకో!"

"కోరికలదేముంది ప్రభూ, ముందు బయటికి పదండి!" అన్నాడు గురవప్ప.

రాజు మళ్లీ నవ్వి, తన ముత్యాలహారం తీసి గురవప్ప మెడలో వేసి, అందరికంటే ముందు తనే గుమ్మం దాటాడు.