ఊకలో దాచిన నిప్పు

పూర్వం, తుంగభద్రకు గట్లన్నవి లేని కాలంలో, ఆ నదీతీరాన శుచివ్రతుడనే మహర్షి మూడు అగ్నులను నిలిపి, అరవై ఏళ్ళపాటు ఒక్క పూటైనా హోమం తప్పకుండా జీవించాడు. పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్న మనుమరాలు పర్ణికను ఆయనే పెంచాడు. ప్రతి ఉదయం హోమం ముగిశాక ఆ వృద్ధుడు అరచేతులను ఆ మూడింటిలో ఒకటైన గార్హపత్యాగ్నికి చూపి, వెచ్చబడ్డాక వాటిని ఆమె చెంపలకు ఆనించి, "లేమ్మా, సూర్యుడికన్నా నువ్వే ఆలస్యం" అనేవాడు. ఆమె పెద్దదై, ఆయనకన్నా ముందే లేచి పాలు పితికి తెచ్చే రోజులు వచ్చినా ఆ చేతులు మానలేదు, ఆ మాట మారలేదు.

ఒక మాఘమాసంలో ఆయన కాలధర్మం చెందాడు. అగ్నులను ఉపాసించినవానిని ఆ అగ్నులతోనే దహించాలి. ఆపైన అవి ఇంట మిగలకూడదు. పెద్దశిష్యుడైన శ్రుతశీలుడు నదీస్నానానికి వెళ్ళివచ్చి, మూడు అగ్నులనూ విధి తప్పక చితికి చేర్చాడు. అయితే అతడు నదికి వెళ్ళిన ఆ కాసేపట్లో, పర్ణిక గార్హపత్యం నుంచి ఒక్క నిప్పుకణికను తీసి, మట్టిమూకుడులో ఊక పోసి, అందులో కప్పిపెట్టి, ధాన్యపు గాదె వెనుక దాచింది. ఊకలో నిప్పు మండదు, ఆరదు. పూటకొక గుప్పెడు ఊక వేస్తే చాలు. నిత్యం తెల్లవారుతూనే ఆమె ఆ మూకుడు అంచుకు చెంప దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చునేది.

నలభై రోజులు గడిచాయి. ఆశ్రమంలో కొత్త అగ్నిని పుట్టించాలని శ్రుతశీలుడు అరణి కొయ్యను ఎంత మథించినా పొగే తప్ప మంట రాలేదు.

"అరణి తడిసిందా, పర్ణికా?"

"రోజూ ఎండలోనే పెడుతున్నానన్నా."

"అయితే నా మంత్రమే తడిసి ఉంటుంది" అని అతడు చేతులకు లేచిన బొబ్బలు చూసుకుంటూ సమిధలకు వెళ్ళిపోయాడు.

అప్పుడే ఎర్రని గడ్డం గల ఒక వృద్ధ అతిథి, పొట్టేలును వెంటబెట్టుకుని, ఎండలోనూ వణుకుతూ వాకిట నిలిచాడు.

"తల్లీ, కాసిని వేడిపాలు పోస్తావా?"

"ఇంట్లో నిప్పు లేదు స్వామీ" అంది పర్ణిక. బుద్ధెరిగి ఆమె ఆడిన మొదటి అబద్ధమది.

పొట్టేలు తిన్నగా లోపలికి నడిచి, గాదె వెనుకకు తల పెట్టి నిలబడిపోయింది.

"దాన్నేమీ అనకు తల్లీ. నాతో తిరిగి తిరిగి నిప్పు ఎక్కడున్నా కనిపెట్టేస్తుంది" అన్నాడు అతిథి.

అబద్ధమాడినందుకు సిగ్గుతోనూ, వచ్చినవాడెవరో తెలిసిన భయంతోనూ పర్ణిక తల వంచుకుని మూకుడు తెచ్చి ఆయన ముందు పెట్టింది. సప్తజిహ్వుడు, హవ్యవాహనుడు అయిన అగ్నిదేవుడు కోపించలేదు. నేలమీద చతికిలబడి, నెమ్మదిగా ఇలా అన్నాడు:

"అమ్మాయీ, మీ తాతను నేనే మోసుకుపోయాను. దేహమంతా నాకు అందింది, అరచేతులు తప్ప. అవి నువ్వు దాచిన ఈ కణికలోనే ఉండిపోయాయి. ఇప్పుడాయన పితృలోకపు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతులు జోడించి లోపలికి వెళ్ళాలి. జోడించడానికి ఆయనకు చేతులు లేవు."

పర్ణిక మూకుడు వైపు చూస్తూ, "ఆయన... బాధపడుతున్నాడా స్వామీ?" అంది.

"అదే అడిగాను. 'దాని చెంపలు ఇంకా చల్లగా ఉన్నాయేమో, మరికొన్నాళ్ళు ఉండనీయండి, నాకేం తొందర' అన్నాడు. లోపల ఆయన తల్లిదండ్రులు ఎదురుచూస్తున్నారు. నీ తల్లీతండ్రీ కూడా."

ఆ మాట వినగానే, నలభై రోజులుగా రాని ఏడుపు ఆమెకు వచ్చింది. అగ్నిదేవుడు ఆపలేదు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఆమె లేచి పాలగిన్నె తెచ్చింది.

"వేడిపాలు అడిగిన అతిథిని ఉత్తచేతులతో పంపితే తాత ఊరుకోడు" అంటూ, కణిక మీది ఊకను పక్కకు తీసి, ఎండుపుల్లలు పేర్చి, ఊదింది. ఇన్నాళ్ళూ మండకుండా, ఆరకుండా ఉన్న ఆ నిప్పు ఒక్కసారిగా మంటై లేచింది. పాలు పొంగేదాకా ఆ దేవుడు ఓపికగా కూర్చున్నాడు. ఆయన తాగి గిన్నె దించేసరికి మూకుడులో తెల్లని బూడిద మాత్రం మిగిలింది. ఆయన వణుకు ఆగిపోయింది.

"పోయినవారిని తెమ్మనడం తప్ప ఏదైనా కోరుకో."

"ఆయన చేతులు ఆయనకు చేరాయని తెలిస్తే చాలు స్వామీ."

"రేపు పొద్దున తెలుస్తుంది. తెలిసేది నీ ఒక్కదానికే కాదు. పెద్దలను పోగొట్టుకున్న ఏ బిడ్డ ప్రాతఃకాలాన నిప్పుకు చేతులు చూపినా, ఆ పెద్దల వెచ్చదనం ఆ చేతుల్లోకి వస్తుంది. ఇది నా వరం" అని జాతవేదుడు పొట్టేలుతో సహా అంతర్ధానమయ్యాడు.

మరునాడు అరణి తొలి మథనంలోనే అగ్నిని కన్నది. ఆశ్రమంలో మళ్ళీ వేదఘోష లేచింది. హోమం ముగిశాక పర్ణిక అరచేతులు కాచుకుని తన చెంపలకు ఆనించుకుంది. చేతులు చిన్నవి. వెచ్చదనం మాత్రం అదే. అక్కడ ఆ గుమ్మం దగ్గర రెండు పెద్ద చేతులు జోడింపబడ్డాయని ఆమెకు తెలిసింది.

ఆనాటి నుంచి, కన్నీటితో నిప్పు రాజేసుకునే ప్రతి ఇంటా హవ్యవాహనుడు ఆ మాట నిలుపుకుంటూనే ఉన్నాడు.